దిండు మాస్టరు తిరిగి కత్తెర పట్టిన వైనం

మా వీధిలో కోటు తొడుక్కుని పోతున్న ఏ మగవాణ్ణయినా ఆపి, వెనక్కి తిప్పి, భుజాల దగ్గర కుట్టు చూసి, అది మా దుకాణంలో తయారైందో కాదో నేను ఇట్టే చెప్పగలను. ఇంతవరకూ పొరబడలేదు. నా చదువు పల్లె బడిలో ఏడో తరగతితో ఆగింది. అయినా ఈ ఊళ్ళో కుట్టుమిషనుకి మోటారు బిగించిన మొదటి ఆడమనిషిని నేను. నాటకశాల తెరను అతుకు కనబడకుండా కుట్టింది నేను. జడ్జిగారి నల్లగౌను ఆయన ఎంతసేపు కూర్చున్నా నలగకుండా వెనక కుచ్చులు పెట్టింది నేను. వీటన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. మా తమ్ముడి చేతికి మొదట కత్తెర ఇచ్చింది నేను. ఇప్పుడు చెప్పబోయేది వాడి సంగతి.

వాణ్ణి ఊరంతా దిండు మాస్టరు అంటారు. ఒకసారి ఒకాయన కోటు కొలతలకు వస్తూ మూడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. నాన్న కొలతలు పూర్తయ్యేలోపు ఆ పిల్ల మా వాడి పొట్టమీద తల ఆనించి హాయిగా నిద్రపోయింది. పిల్ల లేచేదాకా వాడు కదల్లేదు. ఒక చేత్తోనే టేపు పట్టుకుని తక్కిన కొలతలు తీశాడు. ఆ రోజు నుంచి ఆ పేరు వచ్చింది. వాడేమీ నొచ్చుకోలేదు. "మెత్తగా ఉన్నాననేగా అంటున్నారు, గట్టిగా ఉన్నాననలేదుగా" అని నవ్వేవాడు.

వాడు కటింగు మాస్టరు. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపే వాడి కంటికి ఛాతీ, నడుము, భుజం అన్నీ తెలిసిపోతాయి. టేపు పట్టేది ఆ మనిషి తృప్తి కోసం. కోటు వీపు భాగాన్ని ఒకే నడకలో, కత్తెర ఎత్తకుండా, మెడ నుంచి అంచు దాకా కోసేవాడు. ఆ చప్పుడు వినడానికే ఎదురు దుకాణం చెప్పులాయన పని ఆపి వచ్చి నిలబడేవాడు.

బరువు ఎప్పుడు పెరిగిందని అడిగితే చెప్పలేను. గుడ్డ పీల్చుకున్న నీళ్ళలా తెలియకుండా పెరిగింది. ముందు చొక్కా బొత్తాలు జరిగాయి. తరవాత మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. మోకాళ్ళు నొప్పులన్నాయి. గురక మొదలైంది. ఆఖరికి పొట్ట కటింగు బల్ల అంచుకి తగిలి, చెయ్యి బల్ల నడుమ దాకా అందకుండా పోయింది. ఇటు పక్క నుంచి సగం కోసి, అటు పక్కకి తిరిగివెళ్ళి తక్కిన సగం కోసేవాడు. రెండు కోతలూ కలిసేచోట గీత ఎక్కడో ఒకచోట వంకర పోయేది. ఇంకెవరికీ కనబడేది కాదు. వాడికి కనబడేది, నాకు కనబడేది. దాంతో నేను బల్లకి అటు పక్క నిలబడి గుడ్డ పట్టుకుని, వాడికి అందనిచోట నేనే కోసేదాన్ని. ఆ తరవాత బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు లేచింది. వంగితే బయటికి, పడుకుంటే లోపలికి. వంగడం మానేశాడు. కత్తెర నాకిచ్చి, స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టడం మొదలుపెట్టాడు.

కాజాలు కూడా అద్దంలా కుట్టేవాడు, అది వేరే సంగతి. కానీ నేను కోస్తుంటే వాడి కుడిచేతి వేళ్ళు గాలిలో కదిలేవి. వాడికి కావలసింది ఒక్కటే. మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడి ఒక కోటు మొత్తం తన చేత్తో కొయ్యాలి.

వాడి భార్య, మా మరదలు, పోరు పెట్టి పెట్టి వాణ్ణీ నన్నూ ఆసుపత్రికి లాక్కెళ్ళింది. సర్జను ఒక డాక్టరమ్మ. బల్లమీద ప్లాస్టిక్కు కడుపు బొమ్మ, దాని పక్కనే సగం తాగిన టీ. ఉబ్బును రెండు వేళ్ళతో నొక్కి చూసి చెప్పింది.

"మాస్టారూ, దీన్ని హెర్నియా అంటాం. లోపలి కండరాల గోడ ఇక్కడ పలచబడింది. పేగు ఆ సందులోంచి తోసుకొస్తోంది. సన్నటి వలలాంటి మెష్ పెట్టి కుట్టొచ్చు. కానీ ఇంత బరువు మీద కుడితే నిలవదు, మళ్ళీ తెగుతుంది."

"అర్థమైందమ్మా. చిరిగిన జేబు కుట్టించుకుని మళ్ళీ అందులో రాళ్ళు పోసుకున్నట్టు."

"సరిగ్గా అంతే. అందుకే ముందు బరువు తగ్గాలి, తరవాతే హెర్నియా. ఈలోపు ఆ ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా నొప్పి, వాంతులు వస్తే మాత్రం క్షణం ఆగకుండా వచ్చెయ్యండి. పేగు ఇరుక్కుందని అర్థం."

తిండి తగ్గించడం, నడక, మాత్రలు అన్నీ వాడు అంతకుముందే చూశాడు. తగ్గిన ప్రతిసారీ తగ్గినదానికి రెట్టింపు తిరిగొచ్చింది. అది చెబితే డాక్టరమ్మ కసరలేదు. "ఇది మీ సోమరితనం కాదు. బరువు తగ్గుతుంటే ఒళ్ళు ఆకలిని పెంచి వెనక్కి లాగుతుంది" అని, బొమ్మ చేతిలోకి తీసుకుంది. "తిండి పడే సంచి ఇది. జీర్ణాశయం. దీన్ని నిలువునా కోసి, ఇంచుమించు ముప్పాతిక భాగం తీసేస్తాం. సన్నటి గొట్టంలా, చొక్కా చెయ్యిలా మిగులుతుంది. అందుకే స్లీవ్ అంటారు. కొంచెం తింటేనే నిండుతుంది. ఆకలి పుట్టించే రసం ఎక్కువగా ఊరేది తీసేసే భాగంలోనే, కాబట్టి ఆకలీ తగ్గుతుంది."

మా వాడి మొహం వెలిగింది. వాడి వృత్తి మాట కదా మరి. ముందుకు వంగి అడిగాడు. "బాగుందమ్మా. లోపల మడత ఎంత వదులుతారు?"

"మడతా?"

"అదేనమ్మా, కుట్టు లోపల గుడ్డ. మా దుకాణంలో రెండు వేళ్ళ మడత వదలకుండా ఏ గుడ్డా కొయ్యం. రేపు మనిషి మారితే విప్పుకోవాలి కదా."

డాక్టరమ్మ అడ్డంగా తల ఊపింది. "వదలం మాస్టారూ. కోసిన ముక్క బయటికి తీసేస్తాం. తిరిగి అతకడం అనేది లేదు."

వాడు లేచి నిలబడ్డాడు. "అయితే నాకొద్దమ్మా."

ఆవిడ కూర్చోబెట్టి మరో రెండు పద్ధతులు చెప్పింది. సంచి పైభాగాన బిగించే పట్టీ ఒకటుంది, దాన్ని తీసెయ్యొచ్చు. కానీ చాలామందికి ఏవో ఇబ్బందులు వచ్చి తీసెయ్యాల్సే వస్తోంది కాబట్టి ఇప్పుడు దాని జోలికి అంతగా పోవడం లేదంది. బైపాస్ ఇంకొకటి. సంచి పైన చిన్న భాగాన్ని వేరుచేసి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. షుగరు బాగా ఉన్నవాళ్ళకి, ఛాతీలో మంట ఎక్కువున్నవాళ్ళకి అది మేలు. మా వాడికి ఆ రెండూ లేవు. ఎవరికి ఏది తగునో పరీక్షలు చూసి చెప్పాల్సింది డాక్టర్లు. నేను చెబుతున్నది మా వాడి కొలత మాత్రమే. చదివేవాళ్ళు దాన్ని తమకి తొడుక్కోకూడదు.

ఇంటికొచ్చాక మరదలు చెరిగేసింది. "వదినా, మీరైనా చెప్పండి. ఈయనకి గుడ్డమీద ఉన్న జాలి ప్రాణంమీద లేదు!"

"ప్రాణంమీద జాలి ఉండబట్టే వద్దంటున్నానే. మడత లేని కోత కోసినవాడు మాస్టరెలా అవుతాడు?"

"ఆవిడ కోటు కుట్టడం లేదండీ మహానుభావా!"

అది అక్కడే ఆగిపోయేదే. కానీ ఒక రోజు సంగీతం మాస్టారు ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న ఉన్నిగుడ్డ పట్టుకొచ్చి, "అక్కగారూ, మీరేమీ అనుకోకండి, దీన్ని మాత్రం మాస్టరే కొయ్యాలి" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. నిజంగానే. తమ్ముడు స్టూలు మీద నుంచి లేచాడు. గుడ్డ పరిచాడు. సుద్దతో గీత గీశాడు, అంచుల్లో మామూలుకన్నా ఎక్కువే మడత వదిలాడు. ఊపిరి బిగబట్టి వంగి కత్తెర వేశాడు. నడుమ దాకా వచ్చేసరికి పొట్ట బల్లమీదికి ఎక్కి గుడ్డను ముందుకి తోసింది. కత్తెర గీత దాటి వీపు నడిమధ్యకి దిగింది.

సంగీతం మాస్టారే ముందు తేరుకున్నాడు. "ఫర్వాలేదు మాస్టరూ, చేతులకుంచిన గుడ్డలో వీపు మళ్ళీ కోసి, చేతుల్లేని కోటు కుట్టండి. ఎలాగూ నేను చేతులూపితేనే పిల్లలు బెదురుతున్నారు" అన్నాడు. మహానుభావుడు. ఆయన వెళ్ళాక తమ్ముడు ఆ గుడ్డను చేతిమీద పరుచుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"అక్కా, చూడు. అంచుల్లో ఎంత వదిలానో చూడు. మధ్యలో తెగాక ఈ మడతంతా ఏం చేసుకోను?"

వాడే మళ్ళీ అన్నాడు. "డాక్టరమ్మకి ఫోను చెయ్యి."

ఆపరేషనంటే ఆ రోజే పడుకోబెట్టి కోసెయ్యరు. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, నిద్రలో ఊపిరి ఆగుతోందేమోనన్న పరీక్ష. మనసు సంగతి అడిగే ఒకావిడ, ఎప్పుడెప్పుడు ఆకలి లేకుండా తింటారని అడిగింది. "కోటు తొడిగి చూసే ట్రయలు బాగుంటే సంతోషంతో, బాగుండకపోతే దిగులుతో" అన్నాడు మావాడు. "మరి మామూలుగా ఉన్నప్పుడు?" "అప్పుడు టీ టైమవుతుందమ్మా." ఆవిడ నవ్వినా, మాట మాత్రం వదల్లేదు. దిగులైనా సంతోషమైనా లేచి వీధి చివరిదాకా నడిచి రమ్మని అలవాటు చేయించింది. అదే తరవాత వాణ్ణి కాపాడింది.

ఆపరేషనుకి ముందు రెండు వారాలు పాలు, సూపు, మాంసకృత్తుల పొడి కలిపిన పానీయాలే. ఎందుకని అడిగితే, కాలేయం కొవ్వుపట్టి సంచికి అడ్డంగా ఉంటుంది, ఇలా ఉంటే అది కుంచించుకుని పనికి చోటిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. "బల్లమీది సామాను సర్దిస్తున్నారన్నమాట" అన్నాడు తమ్ముడు. మరదలు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా మిషను కింద దాచింది. దొంగ దృష్టి దానిమీద పడకుండా కాపలా కాశాను. రెండు మూడు నేనే తిన్నాను, కాపలాకి బలం కావాలిగా.

ఆపరేషను రోజు మరదలు వణికింది గానీ వాడు పెళ్ళికొడుకులా వెళ్ళాడు. పొట్టమీద పెద్ద కోత లేదు. కాజాల్లాంటి చిన్న రంధ్రాలు నాలుగైదు. లోపలికి గాలి నింపి, ఒక రంధ్రంలోంచి కెమెరా, తక్కినవాటిలోంచి పనిముట్లు. సాయంత్రానికి నర్సు లేపి నడిపించింది. రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడవాల్సిందేనట. భుజం నొప్పి అంటే కంగారుపడ్డాను. లోపల నింపిన గాలి కొంత మిగిలి అలా లాగుతుంది, నడిస్తే పోతుందని నర్సు చెప్పింది. పోయింది.

వాడికి నొప్పికన్నా వింత ఎక్కువైంది. "అక్కా, ఆ పనిముట్టు సంగతి అడిగానే! కోసుకుంటూ పోతుంటే రెండు పక్కలా పిన్నులు వరసగా పడిపోతాయట. కోత, కుట్టు ఒక్క దెబ్బలో! మనకి అలాంటి మిషను ఎవడూ అమ్మలేదేమే?"

"వస్తే నీకూ నాకూ పనెక్కడిదిరా, పడుకో."

ఇంటికి పంపేటప్పుడు నర్సు జాగ్రత్తలన్నీ చెప్పింది. గుక్కలు గుక్కలుగా తాగాలి, గడగడా తాగకూడదు. జ్వరం, గుండె దడ, ఆగని వాంతులు, పెరుగుతున్న నొప్పి, ఊపిరాడకపోవడం, పిక్కలో వాపు, ఇందులో ఏది కనబడినా ఆలోచించకుండా రావాలి. లోపల సంచి కుట్టు దగ్గర కారితే అలాగే తెలుస్తుందట. హెర్నియా ఉంది కాబట్టి తిరిగేటప్పుడు పెట్టుకోమని ఒక వెడల్పాటి పొట్టబెల్టు ఇచ్చారు.

ఆ బెల్టు దగ్గరే వచ్చింది తంటా. నాలుగు రోజులు మంచంమీద ఊరికే ఉన్న దర్జీ కళ్ళు దానిమీద పడ్డాయి. నడుము దగ్గర వదులు, పక్కల్లో ముడతలు, అంచు కుట్టు వంకర. "ఇది కుట్టినవాణ్ణి మా దుకాణంలో బొత్తాలు కూడా కుట్టనివ్వను" అన్నాడు. మరదలు వంటింట్లో ఉండగా ఆ బెల్టు విప్పి, నడుము బిగిసేలా పక్కల్లో డాట్లు వేసి, లోపల కాన్వాసు పెట్టి మళ్ళీ కుట్టాడు. నేను చూడబోతే పెట్టుకుని చూపించాడు. మేలైన కోటు నడుములా అంటుకుపోయింది. ఎంత బాగుందిరా అన్నాను. నిజం, బాగుంది.

మర్నాడు పొద్దున గుక్కెడు నీళ్ళు తాగితే వెనక్కొచ్చేశాయి. మళ్ళీ తాగాడు, మళ్ళీ వచ్చాయి. పక్కటెముకల కింద పట్టేసింది, ఊపిరి సగమే లోపలికి వెళుతోందన్నాడు. మరదలు, "వదినా, కుట్టు కారుతోందేమో" అంటూనే చెప్పులేసుకుంది. పదినిమిషాల్లో టాక్సీలో ఉన్నాం. ఆ దారంతా వాడు నా చెయ్యి వదల్లేదు. "అక్కా, బల్ల దగ్గరికి రానంటావా?" అని ఒకే మాట. "నోరు మూసుకో, వస్తావు" అన్నాను.

డాక్టరమ్మ నాడి చూసింది, జ్వరం చూసింది, రక్తం తీయించింది, స్కాను తీయించింది. కుట్టు ఎక్కడా కారడం లేదు. అప్పుడు వాడి చొక్కా ఎత్తి చూసి ఆగిపోయింది.

"మాస్టారూ, మేమిచ్చిన బెల్టు ఏది?"

"ఇదేనమ్మా."

"ఇది కాదే! మా బెల్టుకి నడుము లేదు."

"నేను పెట్టాను" అన్నాడు, కాస్త గర్వంగానే.

ఆవిడ పట్టీ లాగింది. వాడు నిండుగా ఊపిరి పీల్చాడు. కాసేపాగి ఇచ్చిన నీళ్ళు గుక్క గుక్కగా లోపలికి దిగాయి. అప్పుడు ఆవిడ నవ్వింది చూడండి, నర్సులు తలుపులోంచి తొంగిచూశారు. "పొట్టని ఇంత బిగిస్తే సంచి పైకి తోసుకొస్తుంది, ఊపిరికి చోటుండదు. బెల్టు ఆసరాకే, అందానికి కాదు. అయినా వెంటనే వచ్చి మంచిపని చేశారు. చూద్దాంలే అని ఇంట్లో కూర్చునేవాళ్ళంటేనే నాకు భయం."

ఒక నర్సు ఆ బెల్టు తిరగేసి చూసి, తన యూనిఫారానికి కూడా ఇలాంటి నడుము పెడతారా అని అడిగింది. ఆ వారంలోనే మాకు ఏడు యూనిఫారాలు వచ్చాయి. నేనే కుట్టాను. ఊపిరాడేలా కుట్టాను.

ఆ తరవాత బండి గాడిన పడింది. పలచటి సూపులు, ఆపైన మెత్తగా మెదిపినవి, ఆపైన గుడ్డు, చేప, పెరుగు. ముందు మాంసకృత్తులు, తక్కినవి తరవాత. భోజనంతోపాటు నీళ్ళు తాగకూడదు. ప్రతి ముద్దా నూరి నూరి మింగాలి. మరదలు ఎదురుగా కూర్చుని, "ఏమండీ, అది నమిలారా, మింగారా?" అని పోలీసులా అడిగేది. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు పడతాయని కొన్నాళ్ళు మాత్రలిచ్చారు. విటమిన్లు మాత్రం జీవితాంతం. "ఆపరేషను సగం పనే చేస్తుంది మాస్టారూ, తక్కిన సగం మీరే కుట్టుకోవాలి" అంది డాక్టరమ్మ. మావాడు కుట్టుకున్నాడు. దిగులు పుట్టినప్పుడల్లా లేచి వీధి చివరికి నడిచాడు. వీధి చివర పండ్ల దుకాణమతను, "ఇవాళ ఎన్ని దిగుళ్ళు మాస్టరూ?" అని పలకరించేవాడు.

ప్యాంట్లు నెలనెలా బిగించాల్సి వచ్చింది. ఆఖరికి రెండు జేబులూ వెనక కలుసుకుని ఒకటైపోతే, "ఇక దీన్ని ప్యాంటనకూడదు, సంచి అనాలి" అని కొత్తవి కుట్టాను. గురక పోయింది. మరదలు మొదట్లో ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక లేచి వాణ్ణి తట్టి చూసేదట.

ఏడాది దాటి బరువు ఒకచోట నిలిచాక హెర్నియా వంతు వచ్చింది. పొట్టమీద చర్మం వేలాడుతోంది, దాన్నీ మడిచి కుట్టేస్తారా అని నేనే అడిగాను. అది బరువు తగ్గించే ఆపరేషను కాదనీ, మిగిలిన చర్మం, దానికింది కొవ్వు తీసి పొట్ట సరిచేసేదనీ, బరువు నిలకడగా ఉన్నవాళ్ళకి, చర్మం ఒరుసుకుని పుండ్లు పడేవాళ్ళకి పనికొస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. కొందరికి హెర్నియాతోపాటే చేస్తారట. తమ్ముడు చెయ్యడ్డం పెట్టాడు. "నాకే బాధా లేదు, ఉండనివ్వమ్మా. అదొక్కటైనా మడత మిగిలింది నాకు." మెష్ మాత్రం వేయించుకుని, "ఇన్నాళ్ళకి నాకు అస్తరు పడింది" అంటూ ఇంటికొచ్చాడు. బరువులెత్తొద్దన్న వారాలన్నీ గుడ్డ తానుల దగ్గర నేను కర్ర పట్టుకుని కూర్చున్నాను. మాట వరసకి కాదు, నిజంగా గజం కర్ర పట్టుకునే.

డాక్టరమ్మ ఇక ఫర్వాలేదన్న రోజున ఊరి బ్యాండు మేళం నాయకుడు ఎర్రగుడ్డ తాను తెచ్చాడు. మేళం మొత్తానికి కోట్లు. తమ్ముడు లోపలికొచ్చి చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. గుడ్డ పరిచాడు. గీత గీశాడు. బల్లకి ఆనుకుని నిలబడి వంగాడు. ఆ చెయ్యి బల్ల నడుమ దాటి అవతలి అంచుదాకా వచ్చి నా వేళ్ళకి తగిలింది. నేను అలవాటు చొప్పున అటు పక్కే గుడ్డ పట్టుకుని ఉన్నాను.

"అక్కా, ఇంకా అక్కడే ఉన్నావేం? జరుగు."

జరిగాను. కత్తెర మెడ దగ్గర మొదలై ఒక్కచోట ఆగకుండా అంచుదాకా వెళ్ళింది. మధ్యలో కళ్ళు తుడుచుకోవాలనిపించినా తుడుచుకోలేదు, చప్పుడు వింటున్నాను. చెప్పులాయన ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బ్యాండు నాయకుడు చప్పట్లు కొట్టబోయి, తమ్ముడి మొహం చూసి ఆగాడు. వాడు ఆ ముక్కని ఎత్తి వెలుతురుకి పట్టి, ఎక్కడా వంకర లేదని చూసుకుని, పక్కన పెట్టి, రెండో గుడ్డ పరిచాడు.

నాలుగో కోటు దగ్గర వాడు తలెత్తి నెమ్మదిగా అన్నాడు. "అక్కా, ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, నువ్వు కోసిన కోట్లకి ఎడమ చంక కొంచెం బిగుతు."

"ఏమన్నావురా? జడ్జిగారి గౌను కోసిన చెయ్యిరా ఇది!"

"గౌనుకి చంకెక్కడ కనబడుతుందే!"

మా కేకలకి మరదలు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గొడవేమిటని అడగలేదు. "పొద్దుట్నుంచి నీళ్ళు తాగారా లేదా? ముందు అది చెప్పండి" అని ఇద్దరి చేతుల్లో రెండు గ్లాసులు పెట్టింది. తాగుతూనే తిట్టుకున్నాం.

ఆ కోట్లు చెప్పిన రోజుకి అప్పజెప్పాం. మేళం వాటిని తొడుక్కుని మా వీధిలో ఊదుకుంటూ పోయింది. ఒక్కటీ మార్చమని తిరిగి రాలేదు.